గడపరాయి తొక్కనివాడికి మాట లేదు

పంచకోనకు రాజు లేడు. ఒకప్పుడు ఉండేవాడు. జనం వాణ్ణి కొండ దింపి తరిమేశాక, వాడు కూర్చున్న నల్లరాతి సింహాసనాన్ని ఏం చెయ్యాలా అని మూడు కోనలవాళ్లు ఒక మాట, రెండు కోనలవాళ్లు ఒక మాట అనుకుని, చివరికి దాన్ని పడుకోబెట్టి సభామందిరానికి గడపగా వేశారు. ఆ సభలో నోరు విప్పదలచినవాడు ఎవడైనా సరే, చెప్పులు విడిచి, ఉత్త కాళ్లతో ఆ రాతిని తొక్కి లోపలికి రావాలి. తొక్కనివాడికి మాట లేదు. ఆ దేశపు మొదటి కట్టుబాటు అది.

ఆ ఉదయం ఆ రాయిని తొక్కి లోపలికి వచ్చినవాళ్లలో పోలడు ఒకడు. ముఖాన మసి, నెత్తిన తట్ట, తట్టలో చింతపండు గుజ్జు, కొబ్బరిపీచు. గంట తోమేవాడి వేషం. వీపున గోనెసంచిలో ఇంకో రెండు వస్తువులున్నాయి. ఒకటి అతని తముకు, దండోరా వేసే డప్పు. రెండోది ఏమిటో సభకు కాసేపట్లో తెలుస్తుంది.

తలెత్తి గంటను చూసి పోలడు ఒక్క క్షణం నిలబడిపోయాడు. పున్నమి చంద్రుణ్ణి కరిగించి పోసినట్టున్న గంట! దాని అంచు చుట్టూ ఐదు కొండలు, కొండ కొండకూ మధ్య సెలయేళ్లు, సెలయేళ్ల మీద హంసలు. పైవరసలో మెడలో తముకులు వేసుకుని శిఖరం నుంచి శిఖరానికి పరుగెత్తే వాయిద్యగాళ్లు. గంట నాలుక నుంచి ఐదు పట్టుతాళ్లు ఐదు రంగుల్లో వేలాడుతున్నాయి. కోనకొక తాడు. ఐదుగురు కోనపెద్దలూ ఒక్కసారి లాగితేనే అది మోగుతుంది. నలుగురు లాగి ఒకరు ఊరుకుంటే చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు.

ఆ గంట మోగాలి. సూర్యుడు కుంగేలోగా దాని నాదం మాణిక్యదుర్గం చేరాలి. చేరకపోతే పోలడి పెళ్లాం లచ్చి, వాళ్ల ఆరు నెలల పిల్ల చిట్టి, వాళ్లతోపాటు కోటవాకిట కూర్చున్న తల్లులందరూ కంచుపాదాల కింద నలిగిపోతారు.

సంగతి ఇదీ. మాణిక్యదుర్గం రాజు ప్రచండవర్మకు నిద్ర పట్టడంలేదట. దానికి కారణం పసిపిల్లల ఏడుపట. ఏడ్చే పిల్లల నోట మైనం పెట్టాలని శాసనం చేసి, ఊరంతా చాటమని పోలడికిచ్చాడు. పోలడి తాత, తండ్రి, అతను, మూడు తరాలుగా ఆ రాజ్యంలో తముకు వేసేవాళ్లే. ఎన్ని పాడు శాసనాలు చాటలేదూ! ఆ రోజు మాత్రం బజారు నడుమ తముకు దించి, పుల్లలు నేలకేసి కొట్టాడు. "ఇది నేను చాటను. కావాలంటే ఆయన్నే వచ్చి అరుచుకోమనండి" అన్నాడు. సాయంత్రానికి లచ్చి బిడ్డనెత్తుకుని కోటవాకిటికి పోయి బైఠాయించింది. ఆమె వెనక పదిమంది, వాళ్ల వెనక ఊరు ఊరంతా. పిల్లలు ఏడుస్తున్నారు, తల్లులు ఏడవనిస్తున్నారు. ఆ ఏడుపు కోట గోడలెక్కి రాజు పడకగదిలోకి పోతోంది.

రాజు ఏం చేశాడంటే, కంచుభటుల్ని పిలిపించాడు.

ఆ భటులు ఐదుగురు. ఒక్కొక్కడు తాడిచెట్టంత. వాళ్లను పోతపోసింది మాణిక్యదుర్గం కాదు, పంచకోన! ఉత్తరాన తోడేలు కనుమ దాటి వచ్చి ఊళ్లు తగలబెట్టే గుర్రపుమూకల్ని ఆపడానికి, కనుమ పక్కనే ఉన్న ప్రచండవర్మకు వాళ్లను అరువిచ్చింది. వాళ్లను నిద్రపుచ్చగలిగేది ఈ గంట ఒక్కటే.

పోలడు గంటమంచె ఎక్కి పీచుతో తోముతున్నట్టు నటిస్తూ ఉండగానే సభ నిండింది. అంతలో పక్కగోడలోని చిన్న తలుపు తెరుచుకుంది. దానిపేరు మిత్రద్వారం. రాజుల దగ్గరనుంచి వచ్చే రాయబారులు సింహాసనాన్ని తొక్కడానికి నొచ్చుకుంటున్నారని పంచకోనవాళ్లు ఈమధ్య కట్టించిన మర్యాద అది. అందులోంచి మాణిక్యదుర్గపు రాయబారి సౌమ్యదత్తుడు వచ్చాడు. పాలనురుగులాంటి పట్టు, వెన్నలాంటి నవ్వు, చెవులకు పొగరంగు కుండలాలు.

"మహాసభకు మా ప్రభువుల నమస్కారం" అన్నాడు. "మా ఊళ్లో చిన్న అల్లరి. ఏడ్చే పిల్లలు, ఏడిపించే తల్లులు. గంట మోగించమని మిమ్మల్ని ఎవరైనా వేడుకోవచ్చు. వినకండి. గంట మోగితే కనుమలో కాపలా ఉన్న కంచుభటులు నిద్రపోతారు. మూకలు మీ కోనల్లోకి దిగుతాయి. మిమ్మల్ని సైన్యం అడగడం లేదు, సొమ్ము అడగడం లేదు. ఏమీ చెయ్యకుండా ఊరుకోండి, అంతే."

పడుచు కోనపెద్ద ఒకడు లేచి తొడ చరిచాడు. "పసిపిల్లల నోట మైనం పెట్టేవాడు మనకు మిత్రుడా? ఇప్పుడే సైన్యాన్ని పంపి వాణ్ణి దించేద్దాం! మనవాణ్ణి ఎవణ్ణయినా కూర్చోబెడదాం!"

పక్కనున్న ముసలి కోనపెద్ద ఆవులించాడు. "కూర్చోవయ్యా. పరాయి ఇంటి తగువులో మనం వేలు పెట్టడమెందుకు?"

పోలడికి ఒళ్లు మండింది. మంచె మీదనుంచి సభ నడుమకు దూకాడు. చింతపండు గుజ్జు చింది ముందు వరస వాళ్ల పంచెల మీద పడింది.

"దొరలారా! మాణిక్యదుర్గం తముకోణ్ణి. నా పేరు పోలడు. ముందు ఈ పడుచాయనకు చెప్తా. మీ సైన్యం మాకొద్దయ్యా! మీరొచ్చి దించితే రేపు ఎక్కించేదీ మీరే. మా రాజుని మేం దించుకుంటాం, మాకు చేతులున్నాయి. ఇక పెద్దాయనా, పరాయి ఇంటి తగువన్నావే. మమ్మల్ని తొక్కే కాలు ఎవరిది? మీది కాదూ? మీ పోత, మీ కంచు, మీ ముద్ర! కాలు మా గుండెల మీద పెట్టి, మాకేం సంబంధం లేదని మొహం అటు తిప్పుకుంటే సరిపోద్దా? మీరు మాకేం చెయ్యొద్దు. ఆ కాలు తియ్యండి. అంతే అడుగుతున్నా."

సభలో కలకలం రేగింది. సభాముఖ్యురాలు మాచాంబ చెయ్యెత్తింది. ఆమె కోన తోడేలు కనుమకు ఆనుకుని ఉంటుంది. నెరిసిన జుట్టు, కత్తి పట్టి కాయలు కాసిన అరచేతులు.

"తముకోడా" అందామె. "నా కొడుకు ఆ కనుమలో మూకల చేతిలో చచ్చాడు. శవానికి తల కూడా దొరకలేదు. నీ బిడ్డ కోసం నేను గంట కొడితే, రాత్రికి నా కోనలో బిడ్డల్ని ఎవరు కాస్తారు? సూటిగా చెప్పు."

"సూటిగానే చెప్తానమ్మా. ఇవాళ కాస్తున్నోళ్లే కాస్తారు. మా గొర్రెలోళ్లు. వడిసెల రాళ్లు, చేతికర్రలు, వేటకుక్కలు. కనుమలో కంచు లేదు తల్లీ! కంచు మా కోటవాకిట నిలబడి ఉంది."

రాయబారి పకపకా నవ్వాడు. "గంట తోమేవాడి కట్టుకథ!"

పోలడు గోనెసంచిలో చెయ్యి పెట్టి రోకలిబండంత వస్తువు తీసి నేల మీద వేశాడు. ఖణేల్‌మంది. కంచు చిటికెనవేలు! గోటి మీద ఐదు కొండల ముద్ర.

"నిన్న కోటవాకిట ఒకడు కాలెత్తబోతే మా ఆడోళ్లు మోకుతాళ్లు బిగించి లాగారు. పడలేదు. వేలు ఊడింది. ఇవాళ సూర్యుడు కుంగగానే ఐదుగురూ నడవాలని రాజు ఆజ్ఞ. కనుమలో ఉన్నోడి వేలు నా సంచిలోకి ఎట్టా వచ్చింది, అడగండి ఈయన్ని!"

"అబద్ధం!" అని రాయబారి గొంతు పెంచాడు. "సభ్యులారా, నా మాట..."

"నీకు మాటెక్కడిది?" అన్నాడు పోలడు. "నేను రాయి తొక్కి వచ్చా. నువ్వు తొక్కావా?"

ఏళ్ల తరబడి ఆ చిన్న తలుపులోంచి వచ్చినవాళ్ల మాటలు విని తలలూపినవాళ్లందరూ ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. మాచాంబ మెల్లగా లేచింది.

"నిజమే. తలుపు కట్టించిన రోజు నేనూ చెయ్యెత్తాను. సిగ్గులేని పని చేశాం. రాయబారిగారూ, బయటికి నడవండి. చెప్పులు విడిచి, ఆ రాతిని తొక్కి రండి. ఆ తర్వాత మీరు ఎంతసేపు మాట్లాడినా వింటాం."

సౌమ్యదత్తుడి నవ్వు విరిగిపోయింది. ఇద్దరు కావలివాళ్లు అతణ్ణి గడప దగ్గరికి నడిపించారు. ఆ రాతి మీద మాయవేషం నిలవదు. బొటనవేలు రాతికి తగిలిందో లేదో, కాగిన నూనెలో నీళ్లు పడ్డట్టు చుర్రుమంది. పట్టుబట్ట మసైపోయింది, వెన్నలాంటి మొహం కరిగి కారిపోయింది. లోపల్నించి ఎముకలగూడులాంటి ఆకారం, నిప్పుకణికల్లాంటి కళ్లు బయటపడ్డాయి. చెవుల కుండలాల్లోంచి నల్లని పొగ సుడులు తిరుగుతూ లేచింది.

"ధూమకుండలుడు!" అని ఎవరో కేక పెట్టారు. ప్రచండవర్మ కొలువులో ఉన్న ఆ మాంత్రికుడి పేరు చెబితే ఆ చుట్టుపక్కల రాజ్యాల్లో పొయ్యి వెలిగించడానికి కూడా జంకుతారు.

"ఊరుకోండి అని మర్యాదగా చెప్పాను" అని హుంకరించి, మాంత్రికుడు పొగై పైకెగిరాడు. మందిరం చీకటైపోయింది. "లాగండి!" అని పోలడు అరిచాడు. పడుచు కోనపెద్ద ఒక తాడు అందుకున్నాడు, ముసలాయన ఆవులింత మానేసి ఇంకోటి అందుకున్నాడు. మూడు, నాలుగు తాళ్లు బిగిశాయి. ఐదోది, మాచాంబ తాడు, భగ్గున అంటుకుంది. పొగలోంచి మాంత్రికుడి వికటాట్టహాసం వినిపించింది.

మాచాంబ మండే తాడును రెండు చేతులా పట్టుకుంది. అరచేతులు కాలుతున్న వాసన పోలడికి తెలిసింది. "కొడుకా, నన్ను మన్నించు" అని పళ్లు బిగించి లాగింది.

గంట మోగింది.

మేఘగర్జనలో తేనె కలిపినట్టు ఆ నాదం మందిరాన్ని, కొండను, ఆకాశాన్ని నింపింది. పొగ చెదిరి కిటికీలోంచి పారిపోయింది. పోలడు తముకు మెడలో వేసుకుని గంట కింద నిలబడ్డాడు. తోలు జుమ్మని కంపించింది. నాదం అందులోకి దిగిపోయింది, ఎండు నేలలోకి వాన దిగినట్టు.

"తెలుసుగా?" అంది మాచాంబ, కాలిన చేతుల్ని గుండెకు అదుముకుని. "గంట చప్పుడు మా కొండలు దాటదు. తముకు మీద మోసుకుపోవాలి. దెబ్బ ఆగకుండా పడుతున్నంతసేపు నాదం బతుకుతుంది. ఊపిరి తీసుకునేంత సేపు ఆగావా, చచ్చిపోతుంది. పూర్వం శిఖరానికొక వాయిద్యగాడు ఉండేవాడు. ఇప్పుడు ఎవడూ లేడు. మిత్రుడికి కోపం వస్తుందని వాళ్లను మాన్పించాం."

"అన్నీ చక్కగా మాన్పించారమ్మా!" అన్నాడు పోలడు. మొదటి దెబ్బ వేశాడు.

ధడ్! ధడధడ్! ధడ్!

బయట నాగసాని కంచరగాడిదను పట్టుకుని కాచుకుని ఉంది. ఆమె మాణిక్యదుర్గంలో సరుకులు తోలే మనిషి. పోలణ్ణి అడవిదారిన సభకు చేర్చిందీ ఆమే. "ఎక్కరా పోలా! వెనక్కి తిరిగి కూర్చో, నీ మోచేయి తగిలి నా పళ్లు రాలతాయి" అంది. పోలడు ఎగిరి గాడిద మీద తోకవైపు తిరిగి కూర్చున్నాడు. గాడిద కొండదారి పట్టింది.

ఎంత అందమైన దారి అది! ఒకవైపు మోదుగులు పూసి కొండంతా నిప్పంటుకున్నట్టుంది. మరోవైపు లోయలో వెదురుపొదలు పచ్చని సముద్రంలా ఊగుతున్నాయి. పోలడికి అందమూ లేదు, గిందమూ లేదు. ధడ్! ధడధడ్! ధడ్! భుజాలు పీకేస్తున్నాయి, చెమట కళ్లలో పడుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

"నాగక్కా, కళ్లు మండుతున్నాయే!"

"మూసుకో. దారి చూడాల్సింది నువ్వా, గాడిదా?"

మోదుగు పువ్వుల్లోంచి పొగ లేచింది. పొగ కాస్తా తేనెటీగలై మీదపడింది. నాగసాని కంబళి విప్పి ఇద్దరి మీదా కప్పింది. కుట్టినవి కుడుతున్నా పోలడి పుల్లలు ఆగలేదు. దాంతో ఈగలు మాయమై, దారి మలుపులో ఒక ఆడమనిషి కనిపించింది. ఒళ్లో పసిపిల్ల. లచ్చి!

"వచ్చావా మావా!" అంది. "రాజు దిగొచ్చాడు. శాసనం కొట్టేశాడు. అందరూ ఇళ్లకు పోయారు. పిల్ల ఇప్పుడే పడుకుంది, ఆ తముకు ఆపు, లేస్తుంది."

పోలడి చేతులు బరువెక్కాయి. ఎంత కమ్మని మాట! ఆపేద్దామనిపించింది. అంతలో ఫక్కున నవ్వాడు.

"ఓరి పొగమొహమా! మా చిట్టి పుట్టింది మొదలు తముకు చప్పుడుంటేనే పడుకుంటుంది. ఆపితేనే లేచి ఊరు ఎగరగొడుతుంది. నా పెళ్లాం వేషం వేసేముందు మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకుని పోవాల్సింది!"

ఆడమనిషి కెవ్వున కేకవేసి పొగై చెదిరిపోయింది. నాగసాని గాడిదను అదిలించింది.

పొద్దు పడమటికి వాలింది. ఎదురుగా భైరవలోయ. దాని మీద తీగవంతెన. అటు గట్టు మాణిక్యదుర్గం నేల. దూరాన కోటబురుజుల నడుమ ఐదు కంచు తలలు ఎర్రటి ఎండలో మెరుస్తున్నాయి. గాడిద వంతెన ఎక్కనని మొరాయించింది. పోలడు దిగి ఒక్కడే నడిచాడు, రెండు చేతులా వాయిస్తూ, పట్టు లేకుండా, ఊగే తీగల మీద. కింద నది కొడవలిలా మెరుస్తోంది.

సగం దూరం పోయాక అటు గట్టున మనిషి లేచి నిలబడ్డాడు. చేతిలో గొడ్డలి, మెడలో ఎర్రకుచ్చుల రాజుగారి తముకు. వాడు గురవడు, లచ్చి తమ్ముడు. పోలడు వదిలేసిన కొలువు మర్నాడే పుచ్చుకుని, మైనం శాసనాన్ని ఊరంతా చాటిన మనిషి. వాడి పక్కన పొగ పోగై ధూమకుండలుడయ్యాడు.

"నరుకు" అన్నాడు మాంత్రికుడు.

"బావా, వెనక్కి పో!" అని గురవడు అరిచాడు. "నాకు ఇదే పని చెప్పారు బావా! నరక్కపోతే నన్ను చంపేస్తారు!"

"ఒరే గురవా! వెనక్కి పోవడానికి రాలేదురా! నీ అక్క ఎక్కడ కూర్చుందో తెలుసా?"

"తెలుసు బావా..."

"ముందు వరసలో! మేనకోడలు ఒళ్లో ఉంది! నరికితే నరుకు. చాటేటప్పుడు మాత్రం ఏం నరికావో సరిగ్గా చాటు!"

మాంత్రికుడు చిటికె వేశాడు. గురవడు కదలకుండానే ఒక తీగ తెగి కొరడాలా విసురుకుంది. వంతెన ఒరిగింది. పోలడు జారి, ఎడమచేత్తో మిగిలిన తీగ పట్టుకుని లోయలోకి వేలాడాడు. ఎడమచేతి పుల్ల నదిలో పడింది. తముకు మెడకు వేలాడుతోంది. కుడిచేతి పుల్లతో కొట్టాడు. ధడ్! ఇంకోటి. ధడ్!

"ఆపు" అన్నాడు మాంత్రికుడు, తియ్యగా. "ఒక్క దెబ్బ మానెయ్. రెండు చేతులా తీగ పట్టుకో. బతుకుతావు. మీ ఊరిని మీ పంచకోన మిత్రులు ఎప్పుడో మరిచిపోయారు. నువ్వెవరి కోసం చస్తావు?"

"వాళ్లు మరిచిపోకుండా ఆ కంచువేలు వీపు మీద మోసుకొచ్చాన్రా పొగనాయాలా!" అన్నాడు పోలడు. ధడ్! "ఆ ముసలమ్మ చేతులు కాలుతుంటే చూశాను!" ధడ్! "నువ్వు ఊరుకోమన్నావుగా!" ధడ్! "ఊరుకోం! మేమూ ఊరుకోం, వాళ్లూ ఊరుకోరు!"

తీగ మీద పొగ పాకి వచ్చి అతని ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటే విప్పుతోంది. చిటికెనవేలి పట్టు ఊడింది. ఉంగరంవేలి పట్టూ ఊడింది. కొండవెనక సూర్యుడు కుంగిపోయాడు. దూరాన కోటవాకిట ఐదు కంచుపాదాలు ఒక్కసారిగా నేలనుంచి లేచాయి. ఆ కిరకిర లోయదాకా వినిపించింది. దానితోపాటు వందల పసిగొంతుల ఏడుపూ వినిపించింది.

పోలడి కుడిచెయ్యి ఇక లేవలేదు. దించిన పుల్ల తోలుకు ఆనే ఉంది. నాదం జుమ్మంటూ సన్నబడింది. ఇంకా సన్నబడింది.

అటుగట్టున గొడ్డలి నేలమీద పడిన చప్పుడైంది.

ధడ్! ధడధడ్! ధడ్!

ఎర్రకుచ్చుల తముకు! ఆరిపోతున్న నాదం ఆ కొత్త తోలుమీదికి దూకి, గింజుకుని, మళ్లీ గొంతెత్తింది. "వెధవ శాసనాలు చాటీ చాటీ చేతులు మొద్దుబారాయి బావా!" అని గురవడు ఏడుస్తూ అరిచాడు. "దీన్ని నేను చాటుతా!"

మాంత్రికుడు హుంకరించి వాడిమీదికి ఉరికాడు. అప్పటికే గురవడు కోటవైపు పరుగు తీశాడు. పరుగెడుతూనే వాయిస్తున్నాడు. పొగంతా వాడివెంట పోయింది. కోటవాకిట కంచుపాదాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. పోలడి వేళ్ల మీద పొగ పట్టు సడలింది. మిగిలిన మూడు వేళ్లతో తీగను పట్టుకుని, పుల్లను మొలలో దోపి, లోయ నడుమ ఊగుతూ, బుగ్గలు పగిలేలా నవ్వి పోలడు కేకేశాడు:

"కొట్టరా గురవా! ఆపొద్దు! కాలు దిగేలోపు కొట్టు!"